ఎవరు పుష్ చేసినా టీమ్ అందరికీ మెయిల్ రావాలంటే హుక్ ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఆఫీసులో ఎనిమిది మంది డెవలపర్లు. కోడ్ అంతా మీ సొంత లినక్స్ సర్వర్‌లో, గిట్ రిపాజిటరీలో (ఎవరు ఏం మార్చారో హిస్టరీతో సహా కోడ్ దాచే చోటు) ఉంది. ఎవరు ఏం మార్చినా టీమ్ మొత్తానికి మెయిల్ దానంతటదే వెళ్ళాలి. నెట్‌లో చూసి పోస్ట్-కమిట్ హుక్ ఒకటి రాశారు. (హుక్ అంటే ఏదైనా జరగగానే గిట్ తనంతట తానే నడిపే స్క్రిప్ట్. గిట్‌లో కమిట్ అంటే మార్పును సొంత మెషిన్‌లో నమోదు చేయడం, పుష్ అంటే దాన్ని సర్వర్‌కి పంపడం.) మీరు కమిట్ చేస్తే మెయిల్ వస్తోంది, మిగతా ఏడుగురూ చేస్తే రావడం లేదు. ఎందుకని?

స్క్రిప్టులో తప్పేమీ లేదండి. అది ఉన్న చోటే తప్పు. గిట్‌లో పోస్ట్-కమిట్ హుక్ కమిట్ చేసిన మనిషి సొంత మెషిన్‌లో నడుస్తుంది. మీరు మీ లాప్‌టాప్‌లో పెట్టుకున్నారు కాబట్టి మీకే పనిచేస్తోంది. రిపాజిటరీని క్లోన్ (కాపీ) చేసుకుంటే హుక్స్ ఫోల్డర్ దాంతోపాటు రాదు, అందుకని మిగతావాళ్ళ దగ్గర ఆ ఫైలే లేదు. మీకు కావలసింది సర్వర్‌లోని బేర్ రిపాజిటరీలో (ఎడిట్ చేసే ఫైళ్ళు లేకుండా హిస్టరీ మాత్రమే ఉండేది), హుక్స్ ఫోల్డర్ లోపల, పోస్ట్-రిసీవ్ హుక్. ఎవరు పుష్ చేసినా అది సర్వర్‌లోనే నడుస్తుంది.

ఈ పొరపాటు మీరొక్కరే చేయడం లేదు. గిట్‌కి ముందు చాలామంది వాడిన సబ్‌వెర్షన్‌లో పోస్ట్-కమిట్ అనే పేరుతోనే హుక్ ఉంది, కానీ అక్కడ కమిట్ అంటేనే సర్వర్‌కి వెళ్ళడం. కాబట్టి అక్కడ అది సర్వర్‌లోనే నడుస్తుంది, మెయిళ్ళకి సరైన చోటు కూడా అదే. ఆ రోజుల్లో రాసిన సలహాలు ఇప్పటికీ నెట్‌లో తిరుగుతున్నాయి. పేరు ఒకటే కావడంతో గిట్ వాడేవాళ్ళు అదే ఎత్తి పెట్టుకుంటున్నారు. 2011లో మేం సబ్‌వెర్షన్ వదిలి గిట్‌కి మారినప్పుడు నేనూ అచ్చం ఇదే చేసి, రెండు రోజులు మెయిల్ సర్వర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఇక పోస్ట్-రిసీవ్ ఎలా నడుస్తుందో చెబుతాను. (కమాండ్ల పేర్లు కూడా తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిషులో కొట్టాలని మీకు చెప్పక్కర్లేదు కదా.)

పుష్ ఒకటైతే హుక్ ఒక్కసారే నడుస్తుంది, అందులో పన్నెండు కమిట్లున్నా సరే. కమిట్ల లిస్టు దానికి ఎవరూ ఇవ్వరు. స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో ఒక్కో బ్రాంచ్‌కి (కోడ్‌లో విడిగా సాగే పాయకి) ఒక్కో లైన్ వస్తుంది, లైన్‌లో మూడు ముక్కలుంటాయి: పాత హ్యాష్ (హ్యాష్ అంటే కమిట్‌కి గిట్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), కొత్త హ్యాష్, బ్రాంచ్ పూర్తి పేరు. మీరు ఆ లైన్లు ఒక్కొక్కటే చదివి, పాత హ్యాష్ నుంచి కొత్త హ్యాష్ దాకా ఏ కమిట్లున్నాయో గిట్ లాగ్‌ని అడగాలి. అక్కడ రెండు మెలికలున్నాయి. కొత్త బ్రాంచ్ పుష్ చేస్తే పాత హ్యాష్ స్థానంలో 40 సున్నాలు వస్తాయి. బ్రాంచ్ తీసేస్తే కొత్త హ్యాష్ స్థానంలో 40 సున్నాలు. ఇది చూసుకోకుండా రాసిన స్క్రిప్టు, ఎవరో కొత్త బ్రాంచ్ తెరిచిన మొదటి రోజే ఎర్రర్ కొట్టి ఊరుకుంటుంది. ఫోర్స్ పుష్ (సర్వర్‌లోని హిస్టరీని బలవంతంగా మార్చే పుష్) సంగతి మూడో మెలిక. అప్పుడు పాతది కొత్తదానికి పూర్వీకుడు కాదు, కొన్ని కమిట్లు మాయమై ఉంటాయి. మీ మెయిల్‌లో అసలు ఎర్ర రంగులో చెప్పాల్సింది అదే.

ఇన్ని మెలికలున్నాయి కాబట్టే నా సలహా: నేర్చుకోవడానికైతే స్క్రిప్ట్ మీరే రాయండి, టీమ్‌కి పెట్టడానికైతే రాయకండి. గిట్-మల్టీమెయిల్ అని పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్ ఉంది. కొన్నేళ్ళు గిట్ సోర్స్‌తోపాటే కాంట్రిబ్ ఫోల్డర్‌లో వచ్చేది, ఇప్పుడు విడిగా దించుకోవాలి. పైన చెప్పినవన్నీ అది చూసుకుంటుంది. పుష్‌కి ఒక సారాంశం మెయిల్, ఒక్కో కమిట్‌కి ఒక్కో మెయిల్, అన్నీ ఒకే థ్రెడ్‌లో వచ్చేలా పంపుతుంది. ఎవరికి పంపాలి, సబ్జెక్ట్ ముందు ఏం ఉండాలి, ఎన్ని లైన్ల డిఫ్ (ఏ లైన్లు చేరాయో, ఏవి పోయాయో చూపేది) దాకా పెట్టాలి అన్నవి గిట్ కాన్ఫిగ్‌లోనే రాసుకోవచ్చు. పాతకాలపు పోస్ట్-రిసీవ్-ఈమెయిల్ అనే షెల్ స్క్రిప్ట్ కూడా కనిపిస్తుంది. దాన్ని వదిలేయండి, దాని స్థానంలోకి వచ్చిందే మల్టీమెయిల్.

హుక్ పెట్టడం అరగంట పని. నిజంగా సాయంత్రం దాకా కూర్చోబెట్టేది మెయిల్ బయటికి వెళ్ళడం.

క్లౌడ్‌లో సర్వర్ తీసుకున్నవాళ్ళకి చాలాచోట్ల 25వ పోర్ట్ బయటికి మూసేసి ఉంటుంది. సెండ్‌మెయిల్ కమాండ్ హాయిగా "సరే" అంటుంది, మెయిల్ మాత్రం క్యూలో మూలుగుతూ ఉంటుంది. దారి ఏమిటంటే, సర్వర్‌లో ఎంఎస్ఎమ్‌టీపీ లాంటి చిన్న రిలే పెట్టుకుని, మీ కంపెనీ మెయిల్ ఖాతా ద్వారా 587 పోర్ట్‌లో పంపడం. ఆ ఖాతా జీమెయిల్‌ది అయితే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఆ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌కి 600 పర్మిషన్ (ఆ ఫైల్ సొంతదారు మాత్రమే చదవగలిగేది) ఇవ్వండి.

ఇంకో విషయం. మెయిల్ "ఫ్రమ్" దగ్గర కమిట్ చేసినవాళ్ళ అడ్రస్ పెడితే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. పెట్టకండి. డెవలపర్ సొంత జీమెయిల్ అడ్రస్ పేరుతో మీ సర్వర్ మెయిల్ పంపితే, అందుకునేవైపు ఎస్‌పీఎఫ్, డీమార్క్ తనిఖీల్లో (పంపిన అడ్రస్ అసలుదేనా అని చూసేవి) అది నకిలీగా తేలుతుంది. నేరుగా స్పామ్‌లోకి పోతుంది, లేదా అసలు చేరదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో ఇంకా కచ్చితంగా ఉంటున్నాయి. పంపే అడ్రస్ ఎప్పుడూ ఒకటే ఉంచండి, దాని పక్కన పేరు మాత్రం కమిట్ చేసినవాళ్ళది పెట్టండి, రిప్లై-టు దగ్గర వాళ్ళ అడ్రస్ ఇవ్వండి. రిప్లై కొడితే మాట నేరుగా ఆ మనిషికే వెళ్తుంది. అంతకుమించి మనకేం కావాలి?

హుక్ పెట్టాక "ఏమీ జరగడం లేదు" అనేవాళ్ళ దగ్గర నేను చూసిన కారణాలు పెద్దగా మారవు. ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వలేదు. లేదా పేరు చివర డాట్ శాంపుల్ అలాగే ఉంది. లేదా విండోస్‌లో ఎడిట్ చేసి సర్వర్‌కి కాపీ చేశారు. అలా చేస్తే లైన్ల చివర కంటికి కనిపించని ఒక అక్షరం వచ్చి చేరుతుంది, సర్వర్ "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటుంది. మీరు స్క్రిప్ట్‌ని వందసార్లు చదివినా అందులో తప్పు కనిపించదు. డాస్-టు-యునిక్స్ కొడితే ఒక్క సెకనులో పోతుంది.

కాస్త కష్టమైనది యూజర్ సంగతి. హుక్ ఎవరి పేరు మీద నడుస్తుంది? పుష్ చేయడానికి ఎస్ఎస్‌హెచ్‌లో ఏ యూజర్‌గా లాగిన్ అయ్యారో ఆ యూజర్ పేరు మీద. ఒక కంపెనీలో ఇలాగే పిలిస్తే వెళ్ళాను. అడ్మిన్ అబ్బాయి రూట్‌గా (సర్వర్‌లో అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) లాగిన్ అయి హుక్‌ని చేత్తో నడిపితే మెయిల్ టంచనుగా వస్తోంది. డెవలపర్లు పుష్ చేస్తే రావడం లేదు. చూస్తే, ఒక్కో డెవలపర్‌కి సర్వర్‌లో ఒక్కో ఖాతా ఉంది. మెయిల్ పాస్‌వర్డ్ ఫైల్ రూట్ హోమ్‌లో ఉంది. లాగ్ ఫైల్ కూడా రూట్‌దే. మిగతావాళ్ళెవరికీ ఆ రెండూ ముట్టుకునే హక్కు లేదు. అందరూ "గిట్" అనే ఒకే యూజర్ ద్వారా పుష్ చేసేలా మార్చి, ఆ రెండు ఫైళ్ళూ దాని పేరు మీదికి మార్చాం. పావుగంట కూడా పట్టలేదు, వెతకడానికి మాత్రం మూడు గంటలు.

కాబట్టి పరీక్ష చేసేటప్పుడు రూట్‌గా కాదు, ఆ గిట్ యూజర్‌గా మారి చేయండి. రివ్-పార్స్ కమాండ్‌తో చివరి రెండు కమిట్ల హ్యాష్‌లు తీసుకుని, వాటి పక్కన బ్రాంచ్ పూర్తి పేరు పెట్టి, ఎకోతో పైప్ చేసి హుక్‌కి అందించండి. నిజంగా పుష్ చేయకుండానే మెయిల్ వస్తుందో లేదో తేలిపోతుంది. ప్రతి ప్రయోగానికీ "టెస్ట్", "టెస్ట్ 2", "టెస్ట్ ఫైనల్" అని కమిట్లు చేసి హిస్టరీని చెత్తకుండీ చేసుకోనక్కర్లేదు.

పుష్ నెమ్మదించడం గురించి కూడా చెప్పాలి. పోస్ట్-రిసీవ్ పుష్‌ని ఆపలేదు, అప్పటికే కోడ్ చేరిపోయి ఉంటుంది. కానీ అది పూర్తయ్యేదాకా పుష్ చేసినవాళ్ళ టెర్మినల్ కదలదు. మెయిల్ సర్వర్ జవాబివ్వడానికి నలభై సెకన్లు తీసుకుంటే, మీ ఎనిమిది మందీ ప్రతి పుష్‌కీ నలభై సెకన్లు గోడ చూస్తూ కూర్చోవాలి. సరే బ్యాక్‌గ్రౌండ్‌లో పడేద్దామని చివర యాంపర్‌శాండ్ పెడతారు. అయినా టెర్మినల్ వదలదు! ఎందుకంటే ఆ బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్ అవుట్‌పుట్ ఇంకా పుష్ కనెక్షన్‌కే అంటుకుని ఉంది. స్టాండర్డ్ అవుట్‌పుట్‌నీ ఎర్రర్‌నీ రెండింటినీ ఒక లాగ్ ఫైల్‌కి మళ్ళించి, అప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టండి. డెవ్-నల్‌కి (రాసిందల్లా మాయమయ్యే చోటికి) మళ్ళించినా పనవుతుంది గానీ, రేపు మెయిల్ రాకపోతే ఎందుకు రాలేదో చెప్పే ఆధారం ఉండదు.

ఇంతవరకూ మీరడిగింది. ఇకపైన మీరు అడగనిది, కానీ నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది: ఆ మెయిళ్ళు ఎవరైనా చదువుతారా?

మొదట్లో మేం ప్రతి కమిట్‌కి పూర్తి డిఫ్‌తో ఒక మెయిల్, ఆఫీసులో ఇరవై రెండు మందికీ పంపేవాళ్ళం. రెండో వారానికల్లా అందరూ ఫిల్టర్ పెట్టి ఒక ఫోల్డర్‌లోకి తోసేశారు. నెల తర్వాత ఆ ఫోల్డర్ తెరిచినవాళ్ళు ఇద్దరు, అందులో ఒకణ్ని నేనే. ఆ తర్వాత ఇంకా పెద్ద పాపం జరిగింది. పాత సబ్‌వెర్షన్ ప్రాజెక్టు ఒకటి గిట్‌లోకి మార్చి, హుక్ ఆపడం మరిచిపోయి పుష్ చేశాను. 1,400 చిల్లర కమిట్లు, ఇరవై రెండు మంది. లెక్క మీరే వేసుకోండి. మెయిల్ సర్వీసువాళ్ళు మా ఖాతా మూసేశారు. ఆ రోజంతా కస్టమర్లకి ఇన్‌వాయిస్‌లు కూడా వెళ్ళలేదు, ఎందుకంటే అవీ అదే ఖాతా నుంచి పోయేవి. అకౌంట్స్ వాళ్ళు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని మూడు పనులు చేయండి. కమిట్ మెయిళ్ళకి విడి ఖాతా పెట్టండి. మల్టీమెయిల్‌లో ఒక పుష్‌కి ఎన్ని కమిట్ మెయిళ్ళ దాకా పంపాలో పరిమితి ఉంటుంది, మామూలుగా అది 500. దాన్ని 20కి తగ్గించండి. 20 దాటితే సారాంశం ఒక్కటే వెళ్తుంది. పాత ప్రాజెక్టులు ఎక్కించేటప్పుడు హుక్ పేరు మార్చి పక్కన పెట్టండి, పని అయ్యాక మళ్ళీ పెట్టుకోండి.

మెయిల్‌లో ఏముండాలన్న దానిమీద నా అభిప్రాయం తర్వాత పూర్తిగా మారింది. ఇప్పుడు పూర్తి డిఫ్ పంపను. బ్రాంచ్, పేరు, కమిట్ మెసేజ్, కింద ఏ ఫైల్లో ఎన్ని లైన్లు వచ్చాయి, ఎన్ని పోయాయి అన్న స్టాట్, ఒక లింక్. ఫోన్ స్క్రీన్ మీద స్క్రోల్ చేయకుండా పట్టేంత.

దీనికి కారణం మా టెస్టింగ్ టీమ్‌లో ఉన్న ఒకావిడ. ఆవిడ కోడ్ రాయరు, పెద్దగా చదవరు కూడా. ఒక శుక్రవారం సాయంత్రం వచ్చిన మెయిల్ ఇలా ఉంది. సబ్జెక్ట్: "[బిల్లింగ్] మెయిన్: చిన్న ఫిక్స్". కింద: "2 ఫైళ్ళు మారాయి, 3 లైన్లు చేరాయి, 41 లైన్లు పోయాయి". ఆవిడ ఆ మెయిల్‌కే రిప్లై ఇచ్చారు: "చిన్న ఫిక్స్ అంటున్నారు కదా బాబూ, 41 లైన్లు ఎందుకు పోయాయి?" అవి జీఎస్టీ బిల్లులో పైసలు రౌండ్ చేసే ఫంక్షన్ తాలూకు లైన్లు. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులు ఒకేచోట ఢీకొనడం) సర్దేటప్పుడు కొత్త కుర్రాడి చేతిలో తుడిచిపెట్టుకుపోయాయి. మర్నాడు పొద్దున రిలీజ్. పూర్తి డిఫ్ పంపి ఉంటే ఆవిడ ఆ మెయిల్ తెరిచి ఉండేవారు కాదని నాకు గట్టి నమ్మకం.

డిఫ్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు డేటాబేస్ పాస్‌వర్డ్ కమిట్ చేస్తారు. గిట్ హిస్టరీలోంచి దాన్ని కష్టపడి తుడవచ్చు. ఇరవై రెండు ఇన్‌బాక్సుల్లోంచి, వాళ్ళ ఫోన్లలోంచి, ఉద్యోగం మానేసిన మనిషి ఫార్వర్డ్ చేసుకున్న కాపీలోంచి ఎలా తుడుస్తారు? (ఎలాగైనా పాస్‌వర్డ్ మార్చేయాల్సిందే, అది వేరే మాట.)

అందరికీ పూర్తి డిఫ్ పంపడమే పద్ధతిగా పెట్టుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి ప్రాజెక్టులకి కమిట్ల కోసమే విడిగా మెయిలింగ్ లిస్టులున్నాయి. అక్కడ కమిట్ అయ్యాక కూడా పదిమంది చదివి, తప్పుంటే ఆ మెయిల్ కిందే పట్టుకుంటారు. కానీ వాళ్ళు తమంతట తాము ఆ లిస్టులో చేరినవాళ్ళు. మీ ఎనిమిది మందినీ మీరు చేర్చారు. తేడా అక్కడే.

రోజుకి ఒక్క మెయిల్ చాలనుకుంటే హుక్ అక్కర్లేదు, క్రాన్‌లో (చెప్పిన వేళకి కమాండ్లు నడిపేది) పొద్దున తొమ్మిదికి గిట్ లాగ్ నడిపి పంపొచ్చు. ఇక్కడొక గొయ్యి ఉంది, నేను పడ్డాను. "నిన్నటి నుంచి" అని సిన్స్ ఆప్షన్ ఇస్తే అది కమిట్ తేదీ చూస్తుంది, పుష్ తేదీ కాదు. ఎవరైనా సోమవారం లాప్‌టాప్‌లో కమిట్ చేసి గురువారం పుష్ చేస్తే, ఆ కమిట్ ఏ రోజు మెయిల్‌లోనూ కనిపించదు. అందుకని తేదీని నమ్ముకోకండి. చివరిసారి ఏ హ్యాష్ దాకా పంపారో ఒక ఫైల్లో రాసి పెట్టుకుని, అక్కడి నుంచి తీయండి.

మీ కమిట్ మెసేజ్‌లలో తెలుగు ఉంటుందా? మావాళ్ళు అప్పుడప్పుడు రాస్తారు. సొంత స్క్రిప్ట్ అయితే మెయిల్ హెడర్‌లో యూటీఎఫ్-8 అని చెప్పాలి, సబ్జెక్ట్‌ని ఎన్‌కోడ్ చేయాలి. లేకపోతే కొన్ని మెయిల్ యాప్‌లలో సబ్జెక్ట్ దెయ్యం పట్టినట్టు కనిపిస్తుంది. పైథాన్ ఈమెయిల్ లైబ్రరీ వాడితే అది చూసుకుంటుంది, షెల్‌లో చేత్తో రాస్తేనే బాధ. సబ్‌వెర్షన్‌లో అయితే ఇంకో చిక్కు: హుక్ దాదాపు ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో నడుస్తుంది. పాత్ ఉండదు, కాబట్టి ప్రతి కమాండ్‌కీ పూర్తి దారి రాయాలి. భాష సెట్టింగ్ ఉండదు, కాబట్టి లాంగ్ వేరియబుల్ మీరే పెట్టకపోతే తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలూ అంకెలూ వస్తాయి. ఇది చదివేవాళ్ళలో ఇంకా సబ్‌వెర్షన్ మీద ఉన్నవాళ్ళుంటే పనికొస్తుందని రాశాను. వాళ్ళకి ఎస్‌వీఎన్-లుక్ అనే కమాండ్‌తో కావలసినవన్నీ దొరుకుతాయి, సబ్‌వెర్షన్‌తోపాటే మెయిలర్ డాట్ పీవై అనే రెడీమేడ్ స్క్రిప్ట్ కూడా వస్తుంది.

రేపెప్పుడైనా గిట్‌హబ్‌కి మారితే ఈ తంటా చాలావరకు ఉండదు. రిపాజిటరీ సెట్టింగ్స్‌లో ఈమెయిల్ నోటిఫికేషన్స్ అని ఉంటుంది, అడ్రస్ ఇస్తే చాలు. కాకపోతే రెండు అడ్రస్‌లకి మించి తీసుకోదు. కాబట్టి ఒక గ్రూప్ అడ్రస్ చేసి అది ఇవ్వాలి. గిట్‌ల్యాబ్‌లో ఇంటిగ్రేషన్స్ కింద "ఈమెయిల్స్ ఆన్ పుష్" ఉంది, డిఫ్ వద్దని టిక్ పెట్టే చోటూ అక్కడే ఉంది. మీరు సొంత సర్వర్‌లోనే ఉండాలనుకున్నా గిట్‌ల్యాబ్ పెట్టుకోవచ్చు, కానీ ఎనిమిది మందికి, మెయిల్ కోసమని అంత బరువైనది పెట్టమని నేను చెప్పను.

మీ విషయానికొస్తే: ముందు మీ లాప్‌టాప్‌లోని పోస్ట్-కమిట్ ఫైల్ తీసేయండి, లేకపోతే మీ కమిట్లకి మాత్రం రెండేసి మెయిళ్ళు వస్తాయి. తర్వాత సర్వర్‌లో మల్టీమెయిల్ పెట్టి, మొదటి వారం అడ్రస్ దగ్గర మీదొక్కటే ఇవ్వండి. రోజుకి ఎన్ని వస్తున్నాయో, ఏవి చదవకుండా తీసేస్తున్నారో మీకే తెలుస్తుంది. అప్పుడు మెయిన్ బ్రాంచ్‌కి మాత్రమే పంపాలా, అన్నిటికీనా అని తేల్చుకుని మిగతావాళ్ళని కలపండి.

అప్పటికీ రాకపోతే, పుష్ చేసినప్పుడు టెర్మినల్‌లో "రిమోట్" అని మొదలయ్యే లైన్లు ఏమొస్తున్నాయో, హుక్స్ ఫోల్డర్‌లో ఫైళ్ళ పర్మిషన్లు ఎలా ఉన్నాయో రెండూ ఇక్కడ పెట్టండి. మెయిల్ అడ్రస్‌లు, పాస్‌వర్డ్‌లు చెరిపేసి పెట్టండి సుమా. రాత్రి పదింటి తర్వాత చూస్తాను.